మారుపేరు పిరికితనం కాదు

ఇంటర్నెట్‌లో మారుపేరుతో కథలు రాసే స్త్రీలను పిరికివాళ్లంటున్నారు. 1847లో షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్' నవలను ఆడో మగో తెలియని 'కరర్ బెల్' పేరుతోనే ప్రచురించింది. ఆమె పిరికిదా?

'కుటుంబ పరువు' కాపలా కాసే ఇంట్లో, స్త్రీ రాసిన ప్రతి వాక్యాన్నీ ఆమె సొంత జీవితానికి అంటగట్టి శీలపరీక్ష పెడతారు. మారుపేరుంటే పాఠకులు మనిషిని వదిలి కథను చదువుతారు. ముక్కూ మొహం తెలియని పాఠకురాలు 'తర్వాతేమైంది?' అని అడిగితే చాలు, మరో కథ పుడుతుంది.

అయితే దీన్నే స్వేచ్ఛ అనుకుని మురిసిపోవద్దు. నీ పేరేమిటని ఆమెను నిలదీయడం మాని, పేరు దాచుకోక తప్పని స్థితి తెచ్చిన కుటుంబాన్ని నిలదీద్దాం. మన పత్రికలూ మారుపేరు రచనలకు చోటివ్వాలి. అసలు పేరు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నిర్ణయించే హక్కు ఆమెదే.