ఉచిత డేటాబేస్‌ను అందరం వాడుతున్నాం, పరీక్షించేది ఎవరు?

ఉక్కు కర్మాగారంలో ఒక విడతగా కరిగించి తయారుచేసిన ఉక్కును ‘హీట్’ అంటారు. ప్రతి హీట్‌కూ ఒక నంబరు ఉంటుంది. అందులో కార్బన్, మాంగనీస్, గంధకం, భాస్వరం ఎంతెంత ఉన్నాయో ప్రయోగశాల తేల్చిన విలువలు ఆ నంబరు పేరిట నమోదవుతాయి. ఆ ఉక్కుతో చేసిన ప్లేటు ఏ వంతెనలోనో పదేళ్ల తర్వాత పగిలితే, విచారణ మొదలయ్యేది ఆ నంబరుతోనే. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైన జంషెడ్‌పూర్‌లో ఇది తరాలుగా తెలిసిన సంగతి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ కొత్త కాదు.

అదే ఊళ్లో జాతీయ లోహశోధన ప్రయోగశాల ఉంది. 1950 నవంబరులో ప్రారంభమైన ఈ సంస్థలో క్రీప్ పరీక్షలు చేస్తారు. అధిక ఉష్ణోగ్రతలో, స్థిరమైన బరువు కింద లోహం కొద్దికొద్దిగా సాగడమే క్రీప్. విద్యుత్ కేంద్రాల బాయిలర్ గొట్టాలకు వాడే ఉక్కు ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పాలంటే వేల గంటలపాటు కొలతలు తీయాలి. లక్ష గంటల పరీక్ష అంటే దాదాపు 11 ఏళ్ల 5 నెలలు. మధ్యలో కొన్ని కొలతలు మాయమైతే వాటిని తిరిగి తీయడానికి కాలం వెనక్కి వెళ్లదు.

ఒకప్పుడు ఇలాంటి వివరాలు రిజిస్టర్లలో ఉండేవి. నేడు ఏ సంస్థలోనైనా డేటాబేస్‌లో ఉంటాయి. తెరమీద ‘భద్రపరిచాం’ అని కనిపించగానే ఉద్యోగి తర్వాతి పనికి వెళ్లిపోతాడు. ఆ ఒక్క మాట నిజమని హామీ ఇచ్చేది ఎవరు? ఉచితంగా దొరికే, ఎవరైనా చదివి మార్చుకోగల ఓపెన్ సోర్స్ డేటాబేస్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఒక కంపెనీ పేరు కాదు. ప్రతి మార్పునూ బహిరంగంగా ప్రశ్నించే కొద్దిమంది డెవలపర్లే ఆ హామీ. వారి సంఖ్య చాలా తక్కువ. ఆ డేటాబేస్‌ను విరివిగా వాడుకుంటున్న భారతదేశం ఆ ప్రశ్నించే పనిలో తన వంతు ఇంకా పంచుకోవడం లేదు.

పోస్ట్‌గ్రెస్ కథ

సమాచారాన్ని వరుసలు, నిలువు గళ్లు ఉన్న పట్టికలుగా అమర్చి, వాటి మధ్య సంబంధాలను గణిత సూత్రాలతో నిర్వచించవచ్చని 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. ఇదే రిలేషనల్ డేటాబేస్‌కు పునాది. ఈ ఆలోచనను ఆచరణలో పెట్టిన వారిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీకి చెందిన మైఖేల్ స్టోన్‌బ్రేకర్ ఒకరు. ఆయన బృందం 1986లో మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరు తీసుకుంది. విశ్వవిద్యాలయం దాటి స్వచ్ఛంద డెవలపర్ల చేతుల్లోకి వచ్చింది. స్టోన్‌బ్రేకర్‌కు 2014 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

దీనికి యజమాని లేడు. లైసెన్సు రుసుము లేదు. ఏడాదికి ఒక పెద్ద వెర్షన్ వస్తుంది. ఎవరైనా మార్పును ప్రతిపాదించవచ్చు. ఆ ప్రతిపాదిత కోడ్‌ను ప్యాచ్ అంటారు. అయితే దాన్ని అసలు కోడ్‌లో చేర్చే అధికారం ఉన్నవారు ప్రపంచం మొత్తం మీద 30 మందికి అటూ ఇటూగా ఉంటారు. ఏటా నిర్ణీత నెలల్లో ప్యాచ్‌లన్నిటినీ ముందేసుకుని సమీక్షిస్తారు. ప్యాచ్ పంపినవారు ఇంకొకరి ప్యాచ్‌ను కూడా సమీక్షించాలన్నది అక్కడి ఆనవాయితీ. పాలకవర్గంలో ఏ ఒక్క కంపెనీ ఉద్యోగులూ సగానికి మించి ఉండకూడదన్న నియమమూ ఉంది. 2020లో రెండు కంపెనీలు కలిసిపోవడంతో ఆ హద్దు దాటింది. అప్పుడు మరో ఇద్దరిని చేర్చుకుని సమతూకం తెచ్చారు.

ఇరవై ఏళ్లు కనిపించని లోపం

ఈ సమీక్ష ఎందుకు అవసరమో 2018లో బయటపడిన ఒక లోపం చెబుతుంది.

ప్రోగ్రామ్ ఏదైనా రాసినప్పుడు ఆ సమాచారం వెంటనే డిస్క్ మీదికి చేరదు. ముందు కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటుంది. గుమాస్తా రిజిస్టరులో ఎక్కించే ముందు చీటీ మీద రాసుకోవడం లాంటిది ఇది. ‘చీటీల్లో ఉన్నదంతా రిజిస్టరులోకి ఎక్కించి, పూర్తయ్యాక చెప్పు’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే ఆదేశం పేరు ఎఫ్‌సింక్. అది విఫలమైతే పోస్ట్‌గ్రెస్ మళ్లీ అడిగేది. రెండోసారి ‘సరే’ అని జవాబు వస్తే అంతా డిస్క్‌కు చేరిందని నమ్మేది.

నిజానికి లైనక్స్‌లో జరిగేది వేరు. రాయడం విఫలమైతే కెర్నెల్ ఆ సంగతి ఒక్కసారి చెప్పి, ఆ చీటీని ‘పని పూర్తయినది’గా గుర్తు పెట్టేసేది. రెండోసారి అడిగితే పెండింగ్ చీటీలు ఏవీ లేవు కాబట్టి ‘సరే’ అనేది. సమాచారం మాత్రం డిస్క్‌కు చేరలేదు. క్రెయిగ్ రింగర్ అనే డెవలపర్ ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చేసరికి, పోస్ట్‌గ్రెస్ దాదాపు రెండు దశాబ్దాలుగా ఆ తప్పుడు నమ్మకంతోనే నడుస్తోంది.

తప్పు ఎవరిదన్న వాదన మొదలైంది. విఫలమైన సమాచారాన్ని కెర్నెల్ పట్టుకుని ఉండాలని డేటాబేస్ వైపు వారు అన్నారు. ఎవరో పెన్‌డ్రైవ్‌ను మధ్యలో లాగేస్తే, ఎప్పటికీ రాయలేని ఆ సమాచారాన్ని జ్ఞాపకంలో ఎన్నాళ్లు మోయాలని కెర్నెల్ వైపు వారు అడిగారు. రెండు వాదనల్లోనూ పస ఉంది. చివరికి పోస్ట్‌గ్రెస్ తన తీరు మార్చుకుంది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా సర్వర్ ఆగిపోవాలి. తిరిగి మొదలయ్యాక, ప్రతి మార్పునూ ముందుగానే రాసిపెట్టుకునే చిట్టా ఆధారంగా సమాచారాన్ని పునర్నిర్మించుకోవాలి. 2019 ఫిబ్రవరిలో విడుదలైన సవరణలతో ఇది అమల్లోకి వచ్చింది. వేరే డేటాబేస్‌లూ ఇదే దారి పట్టాయి. 2020లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు ఫైల్ సిస్టమ్‌లను, పోస్ట్‌గ్రెస్‌తో సహా ఐదు ప్రోగ్రామ్‌లను పరీక్షించారు. ఎఫ్‌సింక్ వైఫల్యాన్ని తట్టుకోవడానికి అవి వాడుతున్న పద్ధతులేవీ పూర్తిగా సరిపోవని తేల్చారు.

ఇక్కడ గమనించాల్సినది ఒకటుంది. అన్నేళ్లూ కోడ్ అందరికీ కనబడుతూనే ఉంది. చదివే వీలు ఉన్నంత మాత్రాన చదివేవారు ఉన్నారని కాదు. ‘డిస్క్ నిజంగా పాడైతే ఏమవుతుంది’ అని అడిగి చూసిన రోజునే లోపం బయటపడింది.

ఎనిమిది బైట్ల బేరం

రెండో ఉదాహరణ ఇప్పటికీ తేలనిది. పోస్ట్‌గ్రెస్‌లో సమాచారాన్ని మార్చే ప్రతి లావాదేవీకి ఒక సంఖ్య ఇస్తారు. ఈ సంఖ్య 32 బిట్లది. అంటే దాదాపు 429 కోట్ల సంఖ్యలు ఉంటాయి. అవి గడియారం ముల్లులా తిరిగి మొదటికి వస్తాయి కాబట్టి, ఏది ముందు ఏది వెనుక అని తేల్చడానికి సగమే, అంటే సుమారు 214 కోట్లే పనికొస్తాయి. సెకనుకు వెయ్యి లావాదేవీలు జరిగే చోట ఇవి 25 రోజుల లోపే అయిపోతాయి. అందుకే ‘వాక్యూమ్’ అనే ప్రక్రియ వెనుక నుంచి పాత వరుసలకు ‘ఇవి ఎప్పటికీ పాతవే’ అని ముద్ర వేస్తూ పోతుంది. అది వెనుకబడితే, సమాచారం తారుమారు కాకుండా డేటాబేస్ కొత్త మార్పులను నిరాకరిస్తుంది. 2015లో సెంట్రీ, 2019లో మాండ్రిల్ సేవలు ఈ కారణంతోనే స్తంభించాయి.

64 బిట్లకు మారిస్తే సరిపోదా? ఏళ్లుగా సాగుతున్న చర్చ అదే. ప్రతి వరుస ముందు 23 బైట్ల శీర్షిక ఉంటుంది. అందులో రెండు చోట్ల లావాదేవీ సంఖ్యలు ఉంటాయి. ఒక్కోదాన్ని 4 బైట్ల నుంచి 8 బైట్లకు పెంచితే వరుసకు 8 బైట్లు అదనం. వంద కోట్ల వరుసల పట్టికకు అది 8 గిగాబైట్లు. డిస్క్ చవకే కావచ్చు. కానీ జ్ఞాపకంలో పట్టే వరుసలు తగ్గుతాయి, వేగం మందగిస్తుంది. దానికి తోడు పాత డేటాబేస్‌లను తిరగరాయకుండా కొత్త వెర్షన్‌కు తరలించగలగాలి. సంఖ్యను పేజీకి ఒకసారి మాత్రమే పెద్దదిగా రాసి, వరుసల్లో తేడాను మాత్రం ఉంచే ఉపాయాలు వచ్చాయి. లోపలి కొన్ని భాగాలు 64 బిట్లకు మారాయి. వరుస శీర్షిక మాత్రం 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లోనూ 32 బిట్ల సంఖ్యలతోనే ఉంది.

దీన్ని జాప్యం అని తోసిపుచ్చడం తేలిక. మెర్జ్ అనే ఆదేశం సంగతి చూస్తే అభిప్రాయం మారుతుంది. పట్టికలో వరుస ఉంటే సవరించి, లేకపోతే చేర్చే పనిని ఒకే ఆదేశంతో చేయడం దీని ఉద్దేశం. సైమన్ రిగ్స్, భారతీయ డెవలపర్ పవన్ దేవలసీ తదితరులు దీనిపై పనిచేశారు. 2018 ఏప్రిల్‌లో కోడ్‌లో చేర్చారు. నిర్మాణంపై అభ్యంతరాలు రావడంతో అదే నెలలో తీసేశారు. మరింత సానబెట్టాక 2022 అక్టోబరులో 15వ వెర్షన్‌లో విడుదలైంది. నాలుగేళ్లు ఆలస్యమైంది. కానీ ఒకసారి విడుదల చేసిన ఆదేశాన్ని వెనక్కి తీసుకుంటే దానిమీద ఆధారపడిన వేల ప్రోగ్రామ్‌లు దెబ్బతింటాయి. ఇక్కడ తొందరపాటు ఖరీదు ఆలస్యం కన్నా ఎక్కువ.

మన వంతు

2015లోనే కేంద్ర ప్రభుత్వం తన వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల్లో ఆస్తి పన్ను, నీటి కుళాయి వంటి సేవలకు వాడిన ఈగవ్స్ ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్‌కు పోస్ట్‌గ్రెసే ఆధారం. ఇంటి పన్ను కట్టిన రసీదు భద్రంగా ఉందా లేదా అన్నది, ఎక్కడో జరిగే ఎఫ్‌సింక్ చర్చతో ముడిపడి ఉందన్నమాట.

భారతీయుల పాత్ర లేదని కాదు. 2008లో వచ్చిన 8.3 వెర్షన్‌లో వరుసల సవరణను గణనీయంగా వేగవంతం చేసిన ‘హాట్’ పద్ధతి పవన్ దేవలసీ కృషి. 2016లో 9.6 వెర్షన్‌తో ఒకే ప్రశ్నను పలు ప్రాసెసర్లు పంచుకునే సదుపాయం వచ్చింది. అందులో అమిత్ కపిల పాత్ర ముఖ్యమైనది. నేడు కోడ్ చేర్చే అధికారం ఉన్న కొద్దిమందిలో ఆయన ఒకరు. అయితే ఇలాంటి పని ఎక్కువగా డేటాబేస్ కంపెనీల ఉద్యోగులు చేస్తున్నది. డేటాబేస్‌ను వాడుకునే ప్రభుత్వ శాఖలు, పరిశోధనాలయాలు, కర్మాగారాలు, దాన్ని బోధించే కళాశాలలు చేతులు కట్టుకుని కూర్చున్నాయి.

దీనికి చెప్పే కారణం ఒకటుంది. ఆ చర్చలు కఠినంగా ఉంటాయి, సీ భాషలో లక్షల వరుసల కోడ్ విద్యార్థికి అర్థం కాదు అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఏళ్ల అనుభవం ఉన్నవారి ప్యాచ్‌లే నెలల తరబడి తిరిగొస్తుంటే కొత్తవారికి నిరుత్సాహం సహజం. కానీ సమీక్ష అంటే కొత్త కోడ్ రాయడమే కానక్కర్లేదు. ప్యాచ్‌ను తీసుకుని నిర్మించి చూడటం, పరీక్షలు నడపటం, డిస్క్ నిండిపోయినట్టు లేదా కరెంటు పోయినట్టు కృత్రిమంగా సృష్టించి ఫలితాన్ని రాయడం, వివరణలో అస్పష్టత ఉంటే ఎత్తి చూపడం కూడా సమీక్షే. దీనికి ఒక మామూలు ల్యాప్‌టాప్, ఓపిక చాలు.

1960లో మొదలైన జంషెడ్‌పూర్ ఎన్‌ఐటీ లాంటి కళాశాలలు, తెలుగు రాష్ట్రాల్లోని వందలాది ఇంజినీరింగ్ కళాశాలలు చివరి ఏడాది ప్రాజెక్టుగా దీన్ని గుర్తించవచ్చు. ఏటా అవే గ్రంథాలయ నిర్వహణ, హాజరు నమోదు ప్రాజెక్టులను తిరగరాయడం కన్నా ఒక అసలు ప్యాచ్‌ను విరగ్గొట్టి చూసిన నివేదిక విద్యార్థికి ఎక్కువ నేర్పుతుంది. అలాగే దశాబ్దాల కొలతలను దాచుకునే ప్రయోగశాలల దగ్గర, ఏ కంపెనీ దగ్గరా లేని అనుభవం ఉంది. తమకు ఎదురైన వైఫల్యాలను పునఃసృష్టించగల పరీక్షలుగా మార్చి అందిస్తే అది పెద్ద సాయం. లైసెన్సు రుసుము మిగుల్చుకున్న ప్రతి ప్రభుత్వ శాఖా తన ఇంజినీర్లలో ఒకరికి వారానికి ఒక రోజు ఈ పనికి కేటాయించమని ఆదేశించవచ్చు. టెండర్ పత్రంలో ఒక షరతుగా చేర్చినా చాలు.

ఉక్కు తయారీలో కొలిమి దగ్గర ఉన్నవాడు ‘బాగానే ఉంది’ అంటే సరిపోదు. నమూనా ప్రయోగశాలకు వెళ్తుంది, వేరే వ్యక్తి కొలుస్తాడు, విలువలు హద్దుల్లో ఉంటేనే హీట్ ముందుకు కదులుతుంది. ఆ ప్రయోగశాల ఖర్చును ఎవరూ దండగ అనరు. ఆ కొలతలను దాచే డేటాబేస్‌కూ అలాంటి పరీక్షకులు కావాలి. ఇప్పుడున్న కొద్దిమంది మీదే ఆ బరువంతా ఉంది. వారికి తోడుగా వచ్చే విద్యా సంవత్సరంలో ఒక్కో కళాశాల నుంచి ఇద్దరు విద్యార్థులు వచ్చినా మొదలు పడినట్టే.