పది నోటు మీద కోణార్క ఉండగా...



పాత నోటుకు లక్షలిస్తామనే ప్రకటనలు మీ సెల్‌ఫోన్‌లోనూ వచ్చే ఉంటాయి. మన పిల్లల్లో నోట్లు పోగుచేసే సరదా ఉంది. సరదా మంచిదే. దానికి ధర మీద ఆశ తోడైతేనే చిక్కు.

యూరప్‌లో 'సున్నా యూరో' నోట్లు అమ్ముతారు. 2015లో ఫ్రాన్స్‌లో మొదలయ్యాయి. కొలోన్ చర్చి, బార్సిలోనాలోని సగ్రడా ఫమీలియా వంటి కట్టడాలు వాటి మీద కనిపిస్తాయి. అవి దుకాణంలో చెల్లవు, చూసొచ్చినందుకు గుర్తు, అంతే. విలువ సున్నా అని నోటు మీదే రాయడం నాకు నచ్చింది.

వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించక్కర్లేదు. మీ పర్సు తీయండి. పది మీద కోణార్క సూర్యాలయ చక్రం, ఇరవై మీద ఎల్లోరా గుహలు, రెండు వందల మీద సాంచి స్తూపం. యాభై మీద హంపి రాతిరథం ఉంది. నిజానికది రథం కాదు, రథం ఆకారంలో కట్టిన గరుత్మంతుడి గుడి. ఈ సంగతి పిల్లలకు మీరే చెప్పండి. అదే వైపు పదిహేను భాషల పట్టీలో కింది నుంచి రెండో వరుస మన తెలుగు. దాన్ని పిల్లలతోనే చదివించండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే హాలీ సిక్కా గురించి అడగమనండి. నిజాం కాలపు ఆ రూపాయి మీద చార్మినార్ ఉండేది. చార్మినార్ పై అంతస్తులో మసీదు ఉంది. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. లెక్కల పీరియడ్‌కు ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది?

అరుదైన నోట్లకు ధర పలుకుతుంది, కాదనను. 1954లో వచ్చిన వెయ్యి నోటు మీద తంజావూరు బృహదీశ్వరాలయం ఉంది. వెయ్యి నోట్లను 1978లో రద్దు చేశారు. అలాంటివి మన పోపుల డబ్బాల్లో దొరకవు. ప్రకటనల వాళ్లు ముందు కమిషన్ అంటారు, తర్వాత పన్ను అంటారు. తమ పేరుతో ఇలా వసూలు చేస్తున్నారని, ఆ పని తాము చేయమని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఇంట్లో ఫోన్ పిల్లల చేతిలోనే ఎక్కువ ఉంటుంది కనుక ఈ మాట వాళ్లకూ చెప్పండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని కూడా.

ఇక మన బల్మూర్‌కు దగ్గర్లో ఉమామహేశ్వరం ఉంది. అది ఏ నోటు మీదా లేదు. ఈ సెలవుల్లో తీసుకెళ్లి, తెల్ల కాగితం మీద ఆ కొండనూ గుడినీ గీయించండి. నోటులా మాత్రం అచ్చు వేయించకండి, నోటును పోలిన కాగితం తయారుచేయడం చట్టరీత్యా నేరం. బొమ్మ వెనక చూసొచ్చిన తేదీ రాయిస్తే చాలు.