ఏరి చేపల వేలంలో మన సంఘం దిగవద్దు



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఒక మాట వచ్చింది. మా ఊరి ఏరిలో చేపలు పట్టే హక్కు జూలైలో మళ్ళీ వేలానికి వస్తుంది. కల్యాణ మంటపం నిధిలోంచి రెండు లక్షలు తీసి, ఒక మెంబరు పేరు మీద మన సంఘమే పాట పాడితే, వచ్చే లాభంతో పిల్లల స్కాలర్‌షిప్పులు పెంచవచ్చు అని. చెప్పిన తమ్ముళ్ళ మనసు మంచిదే. ఆ రోజు మేము నోరు తెరవలేదు. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాం. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. ఆ వేలంలో మన సంఘం దిగకూడదు. ఎందుకో చెప్తాం, దానికి బదులు ఏం చెయ్యొచ్చో కూడా చెప్తాం.

చెన్నైలో, బెంగళూరులో, ఒడిశాలో ఉన్న మెంబర్లలో చాలామంది మా ఏరి చూసి ఉండరు. అరక్కోణం నుంచి వాలాజా వైపు పోయే రైలు దారికి కొంచెం లోపలగా ఉంటుంది. 1856 జూలై 1న దక్షిణ దేశంలో మొదటి ప్రయాణికుల రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు పోయింది ఈ దారిలోనే. మామూలు చెరువులు అర్ధచంద్రంలా ఉంటాయి, మాది గుర్రపు లాడంలా ఉంటుంది. నది వంపు తిరిగే చోట బయటి గట్టును కోసుకుంటూ పోతుంది, లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది. వంపు పెరిగి పెరిగి రెండు కొసలూ దగ్గరికి వచ్చినాక, ఏదో ఒక పెద్ద వరదలో నీళ్ళు అడ్డంగా తెంచుకొని నేరుగా పోతాయి. విడిచిపెట్టిన వంపు అట్లే మడుగుగా నిలిచిపోతుంది. ఒడిశా మెంబర్లకు బంకి దగ్గర అన్సుపా సరస్సు తెలిసే ఉంటుంది, మహానది పక్కన ఉండేది. అది ఇట్లాంటిదే, 2021లో రామ్‌సర్ జాబితాలో చేరింది. మా ఏరి దాంట్లో ఒక మూలకు కూడా రాదు. మా పక్క పాలారు కూడా ఒకప్పుడు వేరే దారిలో పారేదని, ఆ పాత దారికి వృద్ధ క్షీరనది అని పేరని పెద్దలు చెప్పేవాళ్ళు. నది విడిచిన వంపుకు ఎవరో కరకట్ట వేసి, మదుగు పెట్టి, కలింగు కట్టి చెరువు చేసినారు.

మా చిన్నప్పుడు ఈ ఏరిలో చేప పట్టడానికి ఎవరినీ అడిగే పని లేదు అనుకోకండి. అప్పుడూ వేలం ఉండేది. కానీ వల వేసేవాడికే వేలం, గాలం వేసేవాడికి కాదు. వెదురు పుల్ల, దారం, వానపాము ఉంటే చాలు. సాయంత్రం బడి విడిచినాక కలింగు దగ్గర కూర్చుంటే పరిగెలు, జెల్లలు, అదృష్టం ఉంటే ఒక బొమ్మిడాయి. ఆడవాళ్ళు ఎండాకాలంలో మోకాటి లోతు నీళ్ళలో ఊతలు పెట్టి పట్టేవాళ్ళు. మా అవ్వ పట్టిన కొరమీను పులుసు వాసనకు పక్కింటి తమిళ పిల్లలు కూడా మా ఇంట్లోనే తినేవాళ్ళు.

కొరమీను గురించి ఒక సంగతి మాకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు, ఏరి గట్టునే నేర్చుకున్నాం. దాని పిల్లలు ఎర్రగా, గుంపుగా నీళ్ళపైకి వచ్చి తిరుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు గాలం వేస్తే తల్లి కోపంతో పట్టుకుంటుంది, సులభంగా దొరుకుతుంది. కానీ తల్లి పోతే ఆ గుంపంతా తెల్లారేసరికి వేరే చేపల కడుపులోకి పోతుంది. అందుకే ఎర్ర పిల్లలు కనబడితే గాలం తీసెయ్యాలి. తీయని పిల్లవాడి వీపు మోగేది. చట్టం అంటే మాకు అప్పుడు తెలిసింది అంతే.

ఇప్పుడు మా ఇంటి తప్పు ఒకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ బయట చెప్పలేదు.

1983 ఎండాకాలం. ముందు ఏడు వాన లేదు, మదరాసులో మంచినీళ్ళకు జనం అల్లాడిన కాలం అది. ఆ ఏడు ఏరి వేలం మా ఇంటివాళ్ళే పాడినారు. మేము అప్పుడే రైల్వేలో చేరినాం, మొదటి జీతాల్లోంచి కొంత ఆ పాటకు ఇచ్చినాం కూడా. ఏప్రిల్ చివరికి ఏరి అంతా ఎండి, గుర్రపు లాడం మధ్యలో లోతైన గుంటలో మాత్రం నీళ్ళు మిగిలినాయి. చేపలన్నీ అక్కడే. జూన్‌తో ఫసలీ ముగుస్తుంది, పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. రెండు ఆయిల్ ఇంజన్లు పెట్టి మూడు రాత్రులు ఆ గుంట నీళ్ళు తోడి పారేసినారు. బురదలో దాక్కున్న కొరమీన్లను కూడా చేతులతో తవ్వి తీసినారు. లాభం వచ్చింది. ఆ డబ్బుతో ఇంటికి పెంకులు మారినాయి.

ఆ నెల ఊళ్ళో బర్రెలకు తాగను నీళ్ళు లేవు. గట్టు కింద రెండు బావులు దిగిపోయినాయి. తరతరాలుగా అక్కడ వల వేసే చెంబడవ కుటుంబాల ముసలావిడ ఒకామె మా గుమ్మం ముందర నిలబడి, మీరు చేప పట్టలేదు సామీ, విత్తనం పట్టినారు అన్నది. మాకు అప్పుడు ఆ మాట అర్థం కాలేదు. ఆ తర్వాత వానలు పడి ఏరి నిండినా కొరమీను కనబడలేదు. ఎండలో మిగిలిన గుంటే మళ్ళీ వచ్చే చేపలకు తల్లి ఇల్లు. దాన్ని తోడేస్తే నిండిన ఏరి కూడా ఖాళీ ఏరే.

ఇప్పుడు గుమాస్తా లెక్కకు వద్దాం. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాళ్ళం, అది చెప్పకపోతే మాకు నిద్ర పట్టదు.

ఏరి నిండేది అక్టోబరు, నవంబరు వానలకు. ఎండిపోయేది మే నెలకు. అంటే నీళ్ళు ఉండేది ఆరేడు నెలలు. వేలం పాడినవాడు బొచ్చె, రోహు పిల్లలు కొనుక్కొచ్చి వదలాలి. ఎందుకంటే ఆ చేపలు నిలిచిన నీళ్ళలో గుడ్లు పెట్టవు, వానకాలం వరద నీరు పారే నదిలోనే పెడతాయి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి గారు ఇంజెక్షన్ వేసి గుడ్లు పెట్టించడం సాధించినాకే ఇంత పిల్ల మార్కెట్లో దొరుకుతోంది, ఆ రోజునే దేశమంతా చేప రైతుల దినంగా జరుపుతున్నారు. ఆ పిల్ల కిలో తూగడానికి ఇంచుమించు ఏడాది కావాలి. మన దగ్గర ఉన్నది ఆరేడు నెలలు. ఈ తేడా ఎక్కడ పూడుస్తాడు? ఒకటి, పిల్లల్ని తింటుందని కొరమీనును ముందే ఏరి పారేస్తాడు. రెండు, నిషేధం ఉన్నా ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వదులుతాడు, అది త్వరగా పెరుగుతుంది, ఏదైనా తింటుంది. కేంద్ర ప్రభుత్వం దాన్ని వద్దన్నది 2000లోనే. అయినా సంతల్లో చూడని వాళ్ళు ఎవరున్నారు? మూడు, చివరికి గుంట తోడేస్తాడు. వేలం పాడినవాళ్ళందరూ చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. పన్నెండు నెలల కాగితం చేతికిచ్చి, ఆరు నెలల నీళ్ళు చూపిస్తే మంచివాడు కూడా అదే చేస్తాడు. మా ఇంటివాళ్ళు చేసినారు. రేపు మన సంఘం కూడా చేస్తుంది, స్కాలర్‌షిప్పు పేరు చెప్పి.

ఒక వాన తప్పితే రెండు లక్షలూ పోతాయి. మంటపం నిధికి చందా ఇచ్చిన విధవరాళ్ళకు ఏం జవాబు చెప్తాం? ఇంకొకటి, సంఘం డబ్బు ఒక మెంబరు పేరు మీద పెడితే ఆడిట్‌లో ఏ పద్దు కింద రాస్తారు? దీనికి కూడా కమిటీ జవాబు చెప్పాలి.

తమ్ముడొకడు మీటింగులో అన్నాడు, మనం పాడకపోతే బయటి కాంట్రాక్టరు వచ్చి పాడతాడు, వాడికంటే మనం నయం కదా అని. ఈ మాటలో బలం ఉంది, కాదనం. కానీ మనం పాడితే నష్టపోయేది కాంట్రాక్టరు కాదు. వాడు పక్క ఊరి ఏరికి పోతాడు. నష్టపోయేది ఆ చెంబడవ కుటుంబాలు. వాళ్ళకు సహకార సంఘం ఉంది, డిపాజిట్ కట్టే డబ్బు లేక ప్రతిసారీ వెనక్కి తగ్గుతున్నారు. వాళ్ళు మన పొరుగువాళ్ళు, మన పెళ్ళిళ్ళకు వస్తారు. తెలుగువాళ్ళంతా కూడి ఏరి తీసుకున్నారు అనే పేరు మనకు వద్దు. ఈ నేలలో మనం ఇన్ని తరాలు బతికింది ఇట్లాంటి పేరు తెచ్చుకోకుండానే.

కాబట్టి మా సలహా. మొత్తం రెండు లక్షలు వద్దు, అందులో సగం ఆ సహకార సంఘానికి డిపాజిట్ కోసం వడ్డీ లేకుండా చేబదులు ఇద్దాం, చెక్కు ద్వారా, రాతమూలకంగా, సంఘం పేరు మీదే. బదులుగా మూడు మాటలు అడుగుదాం. మధ్య గుంటను ఎంత ఎండ కాసినా తోడకూడదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వదలకూడదు. కలింగు పక్క గట్టు గాలం పిల్లలకు వదిలెయ్యాలి, ఏ ఊరి పిల్లలైనా, ఏ భాష పిల్లలైనా. డబ్బు తిరిగి రాకపోతే? రాకపోవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడే సగం అంటున్నాం. అందులో మొదటి పది వేలు మేమే ఇస్తాం. 1983 పెంకుల బాకీ అది.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఉత్తరమేరూరు గుడి గోడల మీద పరాంతక చోళుని కాలం శాసనాలు, 919, 921 నాటివి, ఏరి వారియం అని చెరువు చూసుకునే కమిటీ ఒకటి ఉండేదని చెప్తాయి. ఆ కాలం శాసనాల్లో పాసిప్పాట్టం అని చేపల మీద వచ్చే రాబడి మాట కూడా ఉంది, అది చెరువు బాగుకే వాడేవాళ్ళు. చేప డబ్బు చెరువుకే పోవాలని వాళ్ళకు తెలుసు. మనకు స్కాలర్‌షిప్పు కావాలంటే మనమే తలా కొంచెం చందా పెంచుకుందాం.

పోయిన పొంగలుకు మనవడిని గట్టు మీదికి తీసుకుపోయినాం. నీళ్ళలో కనబడినవన్నీ వాడికి జిలేబీలే. ఆ చేప 1952లో బయటి దేశం నుంచి వచ్చింది, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. వాలుగ, ఇంగిలాయి, మార్పు అని మేము పేర్లు చెప్తుంటే, అవి ఎక్కడున్నాయి తాతా, చూపించు అన్నాడు. చూపించలేకపోయినాం. మన పిల్లలకు తెలుగు నేర్పాలని ఆదివారం క్లాసులు పెడుతున్నాం, సంతోషం. చేప లేకుండా చేప పేరు ఎట్లా నేర్పేది?

వచ్చే ఆదివారం పదిన్నరకు మీటింగు. వేలం విషయం చేతులెత్తి తేల్చుకుందాం. ఎదురు మాట ఉన్నవాళ్ళు తప్పకుండా రండి, ఇక్కడ కింద కూడా రాయండి, కోపం తెచ్చుకోము. అంతకుముందు వీలైనవాళ్ళు ఒక సాయంత్రం కలింగు దగ్గరికి వచ్చి కూర్చోండి. గాలాలు మేము తెస్తాం.