చిన్నబడి ఉపాధ్యాయుడు

సర్కారు కొలువునకు అర్హత గలిగియు గోపాలపట్నమువంటి పేటలలో చిన్న ప్రైవేటు బడిని వీడని ఉపాధ్యాయులు కొందఱు గలరు. ఇది చేతగానితనమని లోకము తలచును. కొందఱి విషయమున కొలువు దొరకకపోవుటయు నిజమే; దాచనేల? కాని తెలిసియే యుండిపోయినవారి కారణము వేఱు. ఇరువదిమంది పిల్లలున్న గదిలో ఎవనికి భాగహారము పట్టుపడలేదో, ఏ బిడ్డ పస్తుతో వచ్చినదో గురువునకు మొగము చూచినంతనే తెలియును. 2009 నాటి విద్యాహక్కు చట్టము సయితము ప్రాథమిక తరగతులలో 30 మందికొక ఉపాధ్యాయుని విధించినది. వారపు పరీక్షల మార్కుల పట్టికయే సర్వస్వమైన పెద్ద సంస్థలలో మొగములు చూచు తీరిక యెక్కడిది?

అయితే ఈ మమకారమునే సాకుగా గొని యజమానులు జీతము కోయుట అన్యాయము. వారి నోట 'త్యాగము' అను మాట వినినపుడు మాకు నవ్వు వచ్చును. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని కాదని, 1910లో బందరున నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాలకై 1922లో మరణించువఱకు శ్రమించిరి. అది తాము చేసిన త్యాగము, ఒరులచేత చేయించినది కాదు.

మమకారము ఇల్లు గడపదని 2020లో కరోనా చూపినది. బడులు మూతపడగా ఎందఱో ప్రైవేటు ఉపాధ్యాయులు జీతములేక కూలికి పోయిరి. 2021లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ప్రకటింపవలసివచ్చినది.

ఫీజునకు రసీదు వ్రాయు బడి, గురువునకు నియామకపత్రమును వ్రాసి యీయవలెను. వేసవి సెలవుల జీతమును ఈయవలెను. గోపాలపట్నపు తలిదండ్రులు ఫీజు కట్టునపుడు ఈ రెంటినిగూర్చియు అడుగుదురు గాక.