నిర్మల్‌లో బస్సు దిగండి

పోస్ట్ కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి.

హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చి రెండేండ్లు దాటింది. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదలు. సెలవులకు ఎప్పుడూ రాత్రి బస్సే. సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే ఒకసారి కళ్లు తెరుస్త, మళ్లీ కండక్టర్ ‘గుడిహత్నూర్’ అని అరిస్తేనే లేస్త. నడుమ నిర్మల్, నేరడిగొండ, ఇచ్చోడ ఎప్పుడు పోయినయో తెల్వదు. ఈ రోడ్డుకు ఇప్పుడు 44 నంబర్. 2010లో నంబర్లు మార్చక ముందు 7, వారణాసి నుంచి కన్యాకుమారి దాకా. మా బాపు ఇప్పటికీ ఏడో నంబర్ రోడ్డనే అంటడు.

పోయిన వానాకాలం రూమ్మేట్లు ‘మీ దిక్కు కుంటాల జలపాతం ఉంది కదా, పోదాం’ అన్నరు. వాళ్ల లిస్టులో నిర్మల్ బొమ్మలు, జలపాతం, అంతే. వెయ్యి ఊడల మర్రి నేను కలిపిన. (కొందరు వెయ్యి ఉరుల మర్రి అంటరు. నాకు అదే సరైన పేరు అనిపిస్తది.) నిర్మల్‌లో చాయ్ హోటల్ల అడిగితే ‘ఏ చెట్టు? అది కూలి ఎన్నేండ్లాయె’ అన్నడు. రాంజీ గోండ్ విగ్రహం దగ్గరికి పోయినం. ఎవరీయన అని ఒక దోస్త్ అడిగిండు. ఇంగ్లిషోళ్ల మీద, నిజాం మీద గోండులు, రోహిల్లాలు కలిసి కొట్లాడినరు, 1860లో ఈయనతో పాటు వెయ్యి మందిని ఆ మర్రికే ఉరి తీసినరంటరు అని చెప్పిన. అంతే, నా దగ్గరున్నది అయిపోయింది. వాడు ఇంకా వింటనే ఉన్నడు. బొమ్మల షాపులో అరగంట మాట్లాడినం, అక్కడ రెండు నిమిషాలు.

మనం ఎప్పుడూ అనే మాట ఒకటుంది: టూరిస్టులకు జలపాతం కనిపిస్తది, మనం కనిపించం అని. నిజమే. కానీ ఆ ఊర్లను నిద్రలో దాటిపోయేది ఎవరు? గుడిహత్నూర్‌లో దిగి ఇంద్రవెల్లి మీదుగానే మా గూడెం పోవాలె. 1981 ఏప్రిల్ 20న కాల్పులు జరిగిన ఊరు. సర్కారు లెక్క 13 మంది, మనోళ్లు చెప్పే లెక్క చానా ఎక్కువ. ఎన్నో ఏండ్లు ఆ తారీఖున స్తూపం దగ్గరికి పోనియ్యలే. ఇప్పుడు ఏ రోజు పోయినా ఆపేటోడు లేడు, అయినా నేను ఆటోలకెల్లి చూసుడే తప్ప దిగలే. మా తాత ఆనాడు ఆ సభకు పోయిండని ఈ మధ్యనే మా అవ్వ చెప్పింది. అడుగుదామంటే తాత లేడు.

మంది ఎక్కువైతే ప్లాస్టిక్, సీసలు, నాగోబా జాతరలో మన ఆడోళ్ల మీద కెమెరాలు అని కొందరు అన్నలు అంటరు. ఆ భయం నాకూ ఉంది. అందుకే వచ్చేటోళ్లకు దారి చూపేది మనమే కావాలె అంటున్న. ముందు మనకు తెలిసుండాలె కదా.

ఈ దీపావళికి దండారీకి పోయేటప్పుడు పొద్దటి బస్సు ఎక్కుతున్న. నిర్మల్‌లో దిగుత, ఇచ్చోడలో దిగుత, ఇంద్రవెల్లిలో స్తూపం దాకా నడుస్త. వచ్చేటోళ్లు కామెంట్ పెట్టండి. చాయ్ నా లెక్కల.