టోవా పాయోలో మన బడి: అడ్డం డబ్బు కాదు, చట్టం

ఒకటో తరగతి ప్రవేశాల రోజులొస్తే మన తెలుగువాళ్ళ మధ్య ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. టోవా పాయోలో మనకంటూ ఒక చిన్న ప్రాథమిక పాఠశాల ఉంటే బాగుండునని. యాభై అరవై మంది పిల్లలు, దగ్గరివాళ్ళు సాయంత్రానికి ఇంటికి, జురాంగ్ నుంచో పుంగోల్ నుంచో వచ్చేవాళ్ళకు అక్కడే హాస్టల్, రోజూ ఒక పీరియడ్ తెలుగు. ఈ పేటలో ఏళ్ళ తరబడి కాపురముంటున్న నాకూ ఆ ఊహ ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే విరాళాలు పోగు చేసినంత మాత్రాన అయ్యే పని కాదది.

2000లో చేసి, 2003 జనవరి 1 నుంచి అమలు చేసిన నిర్బంధ విద్యా చట్టం ప్రకారం ఇక్కడ నివసించే సింగపూరు పౌరుల పిల్లలు జాతీయ ప్రాథమిక పాఠశాలలోనే చదవాలి. ఉల్లంఘిస్తే తల్లిదండ్రులకు 5,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడవచ్చు. మినహాయింపు ఇచ్చిన బడులు కొద్దే: కొన్ని మదరసాలు, మనకు దగ్గర్లో థామ్సన్ రోడ్డు మీదున్న శాన్ యూ అడ్వెంటిస్ట్ పాఠశాల. ఇవన్నీ చట్టం కన్నా పాతవి. ఇంట్లో చదివించుకోవాలన్నా అనుమతి కావాలి.

కాబట్టి పౌరసత్వం తీసుకున్న కుటుంబాల పిల్లలు మన బడికి రాలేరు. పైగా వాళ్ళకు ప్రాథమిక పాఠశాలలో ఫీజే లేదు, ఇతర రుసుములు నెలకు 13 డాలర్లు మించవు. ఇక మిగిలేది పీఆర్‌లు, ఉద్యోగ పాసుల మీద వచ్చినవాళ్ళు. ఉద్యోగం మారితే వెళ్ళిపోయే కుటుంబాలను నమ్ముకుని హాస్టల్ కట్టగలమా? ఏడేళ్ళ పిల్లను వారమంతా హాస్టల్లో వదిలే తల్లులు మనలో ఎందరున్నారో కూడా ఆలోచించండి.

నా ఉద్దేశంలో మన అసలు బాధ బడి లేకపోవడం కాదు, తెలుగుకు మార్కులు లేకపోవడం. పీఎస్‌ఎల్‌ఈలో నాలుగు సబ్జెక్టులు, నాలుగింటికీ సమాన విలువ, అందులో మాతృభాష ఒకటి. భారతీయ పిల్లలకు తమిళం, లేదంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. ఈ జాబితాలో తెలుగు లేదు. అందుకే మన పిల్లలు ఎక్కువగా హిందీయో తమిళమో రాస్తారు. తెలుగు వారాంతపు తరగతికి పరిమితం. ఆరో తరగతి రాగానే ట్యూషన్ ఉందని అదీ మానేస్తారు. పిల్లల్ని తప్పు పట్టి లాభమేముంది?

ఆ అయిదు భాషలవాళ్ళు హాస్టళ్ళు కట్టలేదు. వారాంతపు బడులు నడిపారు, ఉపాధ్యాయులను తయారు చేసుకున్నారు, 1990ల నాటికి ప్రభుత్వ పరీక్షల్లో చోటు సంపాదించారు. సింగపూరు తెలుగు సమాజం 1975లోనే మొదలైంది, అంటే మనకూ సంఘబలం కొత్త కాదు. కావలసింది పక్కా లెక్క. ఏ తరగతిలో ఎందరు తెలుగు పిల్లలున్నారు, ఎందరు ఏ భాష రాస్తున్నారు, పాఠం చెప్పగలిగిన అర్హులెందరు. ఈసారి సర్వసభ్య సమావేశంలో భవన నిధి కన్నా ముందు ఈ లెక్కను చర్చకు పెట్టమని సభ్యులను కోరుతున్నాను.