ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

సెలవులకి ఊరెళ్తే మనందరికీ జరిగేదే. బ్యాగు దించకముందే ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వస్తారు. మనం అది లాక్కుని, నాలుగు నొక్కులు నొక్కి ఇచ్చేస్తాం. సాయం చేశామనుకుంటాం.

నేనూ అంతే. రెండేళ్ల క్రితం మా పిన్నికి ఒక ఆన్‌లైన్ ఫారం నింపుతూ, ఆవిడ ఫోన్‌కి సిగ్నల్ లేదని మొబైల్ నంబర్ దగ్గర నా నంబర్ కొట్టేశాను. ఆ తర్వాత ఆ పని మీద ఆవిడ ఎప్పుడు వెళ్లినా ఓటీపీ రాజమండ్రిలో క్లాసులో ఉన్న నాకొచ్చేది. ఒకరోజు నేను పరీక్షలో ఉండి ఫోన్ ఆపేశాను. ఆవిడ కూలి మానుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని వెళ్లి, సాయంత్రం దాకా కూర్చుని ఉత్త చేతులతో తిరిగొచ్చింది. నన్నొక్క మాట అనలేదు. "చదువుకునేవాడివి, నిన్నెందుకులే ఇబ్బంది పెట్టడం" అంది. తిట్టినా బాగుండేది.

అందుకే అడుగుతున్నా. రాజమండ్రి, కాకినాడ హాస్టళ్లలో ఉన్న మనం ఒక శిక్షణ పెట్టుకుందాం. వాలంటీర్ అంటే మన రాష్ట్రంలో వేరే అర్థం వచ్చేసింది గానీ, నేను చెప్పేది ఆ ఉద్యోగం గురించి కాదు. కంప్యూటర్ కోర్సు గురించి కూడా కాదు. ఫోన్ నొక్కడం మనకొచ్చు. ఇంకొకరికి నేర్పడమే రాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2017లో పీఎంజీ దిశ పథకం పెట్టి, పల్లెల్లో ఇంటికొకరికి 20 గంటల శిక్షణ అన్నారు. 6 కోట్ల ఇళ్లు లక్ష్యం. 2024 మార్చితో అది ముగిసింది, లెక్కల్లో లక్ష్యం దాటింది కూడా. కానీ మన ఇళ్లల్లో ఆ ఒక్కరూ ఎవరవుతారు? చదువుకున్న పిల్లలే. వాళ్లేమో హాస్టల్లో ఉంటారు. ఫోన్ అమ్మ దగ్గరుంటుంది.

మనం మొదట నేర్చుకోవాల్సింది ఎదుటివాళ్ల ఫోన్ ముట్టుకోకుండా ఉండటం. వేలు వాళ్లది, మాట మనది. ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లకి కోయలోనే చెప్పాలి. ఓటీపీని ఏమని చెప్తామో ముందే కూర్చుని అనుకోవాలి. నేను "ఇంటి తాళంచెవి" అంటే మా పిన్నికి వెంటనే అర్థమైంది. పిన్ మనకి చెప్పబోయినా చెవులు మూసుకోవాలి.

వేలిముద్రతో డబ్బులు తీసే మిషన్ గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పాలి. వేలు పెట్టేముందు ఎంత కొట్టారో అడగాలి. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే ముందు మొదటిదాని స్లిప్ అడగాలి. పోలవరం పరిహారం ఖాతాల్లో పడిన కుటుంబాలకి ఇది చిన్న విషయం కాదు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న సంగతి మనలోనే ఎంతమందికి తెలుసు?

డిగ్రీలో ఎన్ఎస్ఎస్‌లో ఉన్నవాళ్లకి ఏడాదికి 120 గంటల సేవ, 7 రోజుల శిబిరం ఎలాగూ ఉంటాయి. చీపుర్లు పట్టుకుని ఫొటో దిగే బదులు ఒక్క శిబిరం మన ఊళ్లలో దీనికోసం పెట్టమని మాస్టార్లని అడుగుదాం.

"ఆఫీసుల పని మనమెందుకు చేయాలి, టవర్ లేని కొండ మీద ఏం నేర్పుతావు" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. టవర్ల కోసం రంపచోడవరం, చింతూరు ఐటీడీఏల్లో అర్జీలు పెడుతూనే ఉండాలి, అది వదలొద్దు. కానీ టవర్ వచ్చిననాడు కూడా పిన్ని ఫోన్ నా చేతిలోనే ఉంటే ఏం లాభం?

పోయిన నెల ఆ నంబర్ మార్పించాం. ఆరంకెలు చూసి కొట్టేలోపు రెండుసార్లు టైమ్ అయిపోయింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను, ప్రాణం పోయినంత పనైంది. మూడోసారి ఆవిడే కొట్టింది.

వేసవి సెలవుల ముందు ఒక ఆదివారం రాజమండ్రిలో కలుద్దాం. వచ్చేవాళ్లు కింద మీ మండలం, ఇంట్లో మాట్లాడే భాష రాయండి.